శనివారం మాత్రలు

ఆ కబురు మొదట నాకు తెచ్చింది తిరుచానూరు గుడివీధిలో పూలమ్మే ముసలామె. బస్సు దిగుతుంటే నన్ను ఆపి, "మీరు కాగితాలు పట్టుకొని పోతారే, ఆ పూలుకట్టే పిల్ల మంచం పట్టిండాది. గంజి గూడా దిగల్యా" అని చెప్పింది. నాకు నమ్మబుద్ధి కాలేదు. పోయిన నెలే ఆమె కాగితంలో 'బాగుంది' అని నా చేత్తో రాశాను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాను. గుడిలో కైంకర్యం చేసే మా నాయన ఇంట్లోనే చదువు చెప్పారు. ఆ అక్షరాల పుణ్యాన నలభై దాటాక నాకొక పని దొరికింది. షుగరు, బీపీ, హెచ్ఐవీ లాంటి జబ్బులతో, ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతూ జనం ఎలా నెట్టుకొస్తున్నారో తెలుసుకోవాలని ఒక డాక్టరమ్మ తిరుపతి వచ్చింది. పరాయి దేశంలో చదివింది, అరవం కలిసిన తెలుగు మాట్లాడేది. ప్రశ్నలు ఆమెవి. ఇంటింటికీ వెళ్ళి అడిగి రాయడం నాది. హెచ్ఐవీకి ఉచితంగా మందులివ్వడం మొదలైన కొత్త రోజులవి.

పూలుకట్టే అమ్మాయికి ముప్పై నిండలేదు. ఆమెకు హెచ్ఐవీ. భర్త అదే జబ్బుతో పోయాడు. శుక్రవారం అమ్మవారి పూలతో తీరదని నన్ను శనివారాలు రమ్మనేది. మొదటిసారి చెంబుతో నీళ్ళిస్తే నేను వద్దన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ వీధిలో ఎవరూ ఆమె చెంబు ముట్టేవారు కారు. నాది ఒక్కపొద్దమ్మా, శనివారం దీపాలు పెట్టేదాకా నీళ్ళయినా తాగనని చెప్పాను. అది నిజమే. ఆమె నా ముఖంలోకి చాలాసేపు చూసి, నమ్మింది. మరుసటి నెల నుంచి తానూ ఒక్కపొద్దు పట్టింది.

"కొండమీద నువ్వు వీఐపీ, నేను ధర్మదర్శనం. ఈ ఒక్కపొద్దులోనన్నా ఇద్దరం ఒకే క్యూలో ఉండాం లేక్కా" అని నవ్వింది. నేను మెచ్చుకున్నాను కూడా.

మాత్రలు మరిచిపోయావా అని ప్రతి నెలా అడిగేదాన్ని. లేదనేది. రాసుకొని వచ్చేసేదాన్ని.

కబురు విన్న రోజే డాక్టరమ్మను వెంటబెట్టుకొని వెళ్ళాను. చాపకు అతుక్కుపోయి ఉంది. మాత్రలు చూపించమంటే దేవుడి పటం వెనక ఉన్న గాజు సీసా వైపు చెయ్యి చూపింది. సగం దాకా మాత్రలే. ఇవెక్కడివని అడిగాను.

"శనివారాలవి అక్కా. మాత్ర మింగితే ఒక్కపొద్దు యాడ నిలస్తాది? నువ్వు నీళ్ళు గూడా ముట్టవు గదా."

వారానికొక రోజు మానుతూ వస్తే ఆ జబ్బు మందుకు లొంగకుండా పోతుందని డాక్టరమ్మ దారిలో చెప్పింది. మొదటి మందు పనిచెయ్యనప్పుడు ఇచ్చే రెండో రకం మందు అప్పట్లో మా వైపు దొరికేది కాదు. నన్ను మాత్రం ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ శనివారం వెళ్ళి, ఆమె చూస్తుండగా ఆమె చెంబులో నీళ్ళు తాగాను. మాత్ర అందిస్తే మింగి, "నా కోసరం పొద్దు సెడగొట్టుకుంటివే అక్కా" అంది. ఆమె బాధ అంతా నా ఒక్కపొద్దు గురించే. పది రోజులకు పోయింది.

డాక్టరమ్మ తన ప్రశ్నల చివర ఇంకొకటి నా చేతనే రాయించింది. ఒక్కపొద్దు రోజు మాత్ర వేసుకుంటారా అని. దాన్ని పట్టుకొని పలమనేరు దాకా తిరిగాను. షుగరువాళ్ళలో, బీపీవాళ్ళలో కూడా మానేవాళ్ళు దొరికారు. మాత్రతో పొద్దు చెడదని, షుగరు మాత్ర మాత్రం డాక్టరును అడిగి వేసుకోవాలని చెబితే, గుడి ఇంటి మనిషినని నా మాట విన్నారు. ఆ మాట చెప్పే దారి చూపినందుకు స్వామికి, డాక్టరమ్మకు రోజూ దండం పెట్టుకుంటాను. ఆ పూలుకట్టే అమ్మాయి ఇంట్లోనే చెప్పి ఉండాల్సింది.

ఇది చదివిన మీరు ఒక్కపొద్దు ఉండేవారైతే, మీ డాక్టరు చెప్పినట్టు ఆ రోజూ మాత్ర వేసుకోండి. వేసుకునేటప్పుడు ఆ పూలుకట్టే అమ్మాయిని ఒక్కసారి తలుచుకోండి.