ఎడమచేతి లారీ

ఆ రోజు పొద్దున కృపారాణి ఇంట్లో చేసిన ఆఖరి పని, దూది ముక్కని స్పిరిట్‌లో ముంచి గేమ్ కంట్రోలర్‌ని తుడవడం. ముందురోజు వాళ్ళ నాన్న లాజరు పెసరట్టు తిన్న చేత్తోనే ఆట మొదలుపెట్టాడు. ఎడమవైపు జాయ్‌స్టిక్‌కి నెయ్యీ అల్లప్పచ్చడీ అంటుకుని, తిప్పితే జిడ్డుజిడ్డుగా కదులుతోంది.

"తింటూ బండి నడపకూడదని లారీ క్లీనర్లందర్నీ తిట్టేవాడివి. ఇప్పుడు నువ్వు చేసిందేంటి నాన్నా?" అంది.

లాజరుకి పక్షవాతంలో కుడివైపు పడిపోయింది. అందుకని నవ్వు కూడా ఎడమ చెంప మీదికే వచ్చింది. "రోడ్డు... ఖాళీగా... ఉందే," అన్నాడు, ఒక్కో మాటనీ కూడబలుక్కుంటూ.

వంటింట్లో టిఫిన్ డబ్బాలు సర్దుతున్న చెల్లెలు ఆశాజ్యోతి ఈ మాటలు వింది. వాటిలో గుర్తుపెట్టుకోవలసిందేమీ లేదనుకుంది. అక్క తన డబ్బా తీసుకుని స్కూటీ ఎక్కింది. ఆశ తను పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, తను పనిచేసే మొక్కల నర్సరీ ఆఫీసులో, తల పగిలిపోతోందండీ అంటూ కృప బల్ల మీద తల వాల్చిందట. బిల్లు కోసం నిలబడ్డ డ్రైవరు ఆవిడ నిద్రపోతోందనుకుని కాసేపు ఊరుకున్నాడట. రాజమండ్రి ఆసుపత్రికి చేర్చేసరికి అయిపోయింది. మెదడులో నరం చిట్లిందని చెప్పారు. వాళ్ళ ఊరు కడియపులంకలో ఇంతకు మించి ఎవరికీ ఏమీ తెలియలేదు.

లాజరు ఒకప్పుడు మొక్కల లారీ డ్రైవరు. ఇక్కడి నర్సరీల నుంచి మామిడి అంట్లూ గులాబీలూ ఎక్కించుకుని నాగపూర్ దాకా, సూరత్ దాకా వెళ్ళేవాడు. మొక్క వాడకుండా చేర్చడం అతని గొప్ప. దారిలో కాలవ కనిపిస్తే చాలు, బండి ఆపి లోడు మీద నీళ్ళు చల్లించేవాడు. తల్లి లేని పిల్లలు కాబట్టి సెలవుల్లో ఒక్కోసారి పెద్దకూతురిని వెంట తీసుకువెళ్ళేవాడు. కృపకి బండి ఎక్కితే నోరు ఆగేది కాదు. ఆ గేరెందుకు, ఈ చప్పుడెక్కడిది, ఆ ఎర్ర దీపం ఏంటి? లాజరు విసుక్కునేవాడు కాదు. చిన్నకూతురు ఆశకి డీజిలు వాసనకే వాంతులు.

డిగ్రీ అయ్యాక కృప భీమరాజు గారి నర్సరీలో బిల్లులు రాయడానికి కుదిరింది. సంబంధాలు వచ్చాయి, పోయాయి. ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పెద్దగా నవ్వేది, పెద్దగా పోట్లాడేది. చర్చిలో పాట మధ్యలో ప్రొజెక్టరు ఆగిపోతే పాస్టరుగారు మైకులోనే "కృపమ్మా" అని పిలిచేవారు. వెళ్ళి ఏదో నొక్కేది. ఏం చేశావని అడిగితే చెప్పేది కాదు. "ఉండు, అవుతుంది," అనడమే ఆమెకి అలవాటు. ఆశకి ఆ మాటంటే ఒళ్ళు మండేది.

నాన్నకి పక్షవాతం వచ్చాక మొదటి ఏడాది ఇంట్లో ఎవరికీ ఏ పనీ తోచేది కాదు. ఆయన గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. పనికిరాదని నర్సరీ ఆఫీసులో అటకెక్కించిన కంప్యూటర్ని కృప అడిగి తెచ్చుకుంది. ఎవరో వాడి అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు దానికి తగిలించింది. విండోస్ తీసేసి, ఆటల కోసమే తయారుచేసిన ఒక రకం లినక్స్ ఎక్కించింది. హాల్లో టీవీకి కలిపింది. మీట నొక్కితే తిన్నగా ఆటల బొమ్మలే వచ్చేవి. కీబోర్డూ మౌసూ అక్కర్లేదు, చేతిలో కంట్రోలర్ ఉంటే చాలు.

"ఎంతకి... కొన్నావే?" అన్నాడు లాజరు.

"ఈ లినక్స్ ఊరికే వచ్చింది నాన్నా. ఎవరెవరో కూర్చుని రాసి, కావలసినవాళ్ళు తీసుకోండని పెట్టేశారు."

"ఊరికే... ఎందుకిస్తారు?"

"నువ్వు దారిలో ఆగిపోయిన బళ్ళకి జాకీ ఇచ్చి, వాడు టైరు మార్చేదాకా ఎండలో నిలబడేవాడివి కదా. ఎందుకిచ్చావు?"

లాజరు ఆలోచించాడు. "జాకీ... ఒకడు... పట్టుకుపోయాడు."

కృప డబ్బు పెట్టి కొన్నది ఒక్క ఆటే. ఆ ఆటలో లారీ నడపాలి. కానీ కంట్రోలర్‌ని రెండు చేతులున్నవాళ్ళ కోసం చేశారు. తిప్పడం ఎడమచేతికి, యాక్సిలరేటరు కుడిచేతికి. కృప సెట్టింగుల్లో కూర్చుని కుడివైపువన్నీ ఒకటొకటిగా ఎడమవైపుకి తెచ్చింది. చూపుడువేలికి యాక్సిలరేటరు, నడిమివేలికి బ్రేకు, బొటనవేలికి తిప్పడం. రోజూ సాయంత్రం ఒకటి మార్చేది, నాన్న నడిపేవాడు, బండి పొలాల్లోకి పోయేది, మళ్ళీ మార్చేది. మనలాగే రోడ్డుకి ఎడమపక్క నడిచే దేశం ఏరి పెట్టింది. చివరికి ఒకనాడు లారీ వంతెన దాటి, మలుపు తిరిగి, గోడౌను ముందు ఆగింది. లాజరు కళ్ళు తుడుచుకుని, "హారనేదే?" అన్నాడు.

"ఆ దేశంలో ఎవరూ కొట్టరు నాన్నా."

"హారన్ లేకపోతే... అది లారీ ఏంటి?"

జాయ్‌స్టిక్‌ని లోపలికి నొక్కితే హారన్ మోగేలా పెట్టింది. వీధిలో వెళ్ళేవాళ్ళు ఇంట్లోకి లారీ వచ్చిందా అని తొంగిచూసేవారు.

"లోడేంటి?" అనేవాడు ప్రతిసారీ.

"ఇనప గొట్టాలు."

"అయితే... నీళ్ళు చల్లక్కర్లేదు."

ఇదంతా ఆశ దూరం నుంచి చూసేది. నాన్న మళ్ళీ మనిషయ్యాడని తెలుసు. ఎలా అయ్యాడో తెలుసుకోవాలని తోచలేదు. అక్క ఉందిగా.

కృప పోయాక, చర్చివాళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక అయ్యేదాకా టీవీ వెయ్యలేదు. లాజరు పెట్టింది తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒక సాయంత్రం ఆశ భయపడుతూ కంట్రోలర్ తెచ్చి ఆయన ఎడమచేతిలో పెట్టింది. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత బండి తీశాడు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి గొట్టాలు చేర్చి, అన్నం పెట్టమన్నాడు. ఆశ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ పెట్టె నడిచినన్నాళ్ళు నాన్న ఉంటాడని ఆమెకి ఒక నమ్మకం కుదిరింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు కరెంటు పోయి వచ్చింది. మీట నొక్కితే నల్లటి తెర, దాని మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు. స్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ఆశకి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. తీగలు పీకి మళ్ళీ పెట్టింది. ఎవరినైనా అడుగుదామంటే, ఇలాంటివి మాట్లాడుకునే స్నేహితులంతా అక్క ఫోనులోనే ఉన్నారు. ఆ ఫోను తెరవాలంటే అక్క వేలు కావాలి.

పెట్టెని చీరలో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి తీసుకువెళ్ళింది. కంప్యూటర్ షాపు అమ్మిరాజు దాన్ని చూసి తల గోక్కున్నాడు.

"ఇది లినక్స్ అండి. దీని సంగతి ఇక్కడెవరికీ తెలీదండి. ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించేస్తాను, సుబ్బరంగా పనిచేస్తుందండి."

"ఇందులో మా అక్క పెట్టినవి పోతాయేమోనండి."

"ఫొటోలా అండి?"

ఆశ పెట్టె మీద చెయ్యి వేసింది. "ఫొటోలు కాదండి. మా నాన్నగారు ఆడుకునే ఆట."

"గేమే కదండి! మళ్ళీ వేసుకోవచ్చు."

వేరే దారి కనిపించలేదు. సరేనంది.

ఇంటికి తెచ్చి పెట్టాక ఆట పేజీ అక్క పాస్‌వర్డ్ అడిగింది. అది ఎవరికీ తెలియదు. ఆశ తన పేరుతో కొత్త ఖాతా తెరిచి అదే ఆట మళ్ళీ కొంది. లాజరు కంట్రోలర్ పట్టుకుని వేలు నొక్కాడు. లారీ కదలలేదు. మళ్ళీ నొక్కాడు.

"బండి... స్టార్టవలేదమ్మా," అన్నాడు. కోపం లేదు. చెడిపోయిన బళ్ళు ఆయనకి కొత్త కాదు.

ఆదివారాలు చర్చి నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా ఆశ, అక్క చేసిన మార్పులు మళ్ళీ తేవాలని ఆ సెట్టింగుల పేజీ తెరిచి కూర్చునేది. యాక్సిలరేటరు ఎడమకి వచ్చేది, బ్రేకు పోయేది. బ్రేకు వచ్చేది, తిప్పబోతే బండి తిరగక, వెనకున్న రోడ్డు కనిపించేది. ఒకసారి పట్టలేక నాన్న కుడిపక్కన ఆనుకుని కూర్చుని, కంట్రోలర్ చెరో పక్కా పట్టుకుని, యాక్సిలరేటరు తానే నొక్కింది. లారీ కదిలింది. ఇద్దరూ తెర మీదికి వంగారు.

"తగ్గించు... మలుపొస్తోంది... బ్రేకమ్మా, బ్రేకు!"

"ఏది నాన్నా బ్రేకు?"

లారీ కంచె విరగ్గొట్టుకుని చేలో పడింది. లాజరు ఎడమ చెంపతో నవ్వాడు. "నీకు... క్లీనరు పని కూడా... రాదే." ఆశ కూడా నవ్వింది. అదే ఆఖరు. తర్వాతి ఆదివారం కంట్రోలర్ ఇస్తే ఆయన ఒళ్ళో పెట్టుకున్నాడు గానీ వేళ్ళు వెయ్యలేదు. ఆపై ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు. గోడకేసి తిరిగిపోయాడు. అన్నం తగ్గించాడు. మందులు నోట్లో వేస్తే చెంపలోనే ఉండిపోయేవి. డాక్టరు దగ్గరికి తీసుకువెళ్తే నీరసమన్నారు. ఆశ రాగిజావ పట్టేది, కీర్తన పాడేది, కాళ్ళు రుద్దేది. చేతకానిది మాత్రం ఆ ఒక్కటే. క్రిస్మస్ నెలలో రెండోసారి పక్షవాతం వచ్చి లాజరు పోయాడు.

మామిడి పూత మీద ఉండగా హారతి అనే అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిఠాపురం నుంచి, నర్సరీలో అడ్రసు అడిగి వచ్చానంది. కృపక్కతో ఫోన్లోనే స్నేహమట. మెసేజ్‌లకి జవాబు రాకపోతే కోపమొచ్చిందేమో అనుకుందట. కృప పోయిన సంగతి నర్సరీలోనే తెలిసిందట. కుర్చీలో కూర్చుని చున్నీతో కళ్ళు తుడుచుకుంది.

"మా తమ్ముడికి కోత మిషన్లో కుడిచెయ్యి పోయిందండి," అంది. "అక్క పెట్టినదాంతోనే వాడు లారీ ఆట ఆడుతున్నాడు."

"ఏం పెట్టింది?" అంది ఆశ.

"ఆ ఎడమచేతి సెట్టింగేనండి. అక్క దాన్ని ఎవరైనా వాడుకోమని అందరికీ పెట్టేశారు కదా. మీరు చూడలేదా?"

హారతి తన ఫోనులో ఆ పేజీ తెరిచి చూపించింది. ఆశ ఆదివారాలన్నీ ముందేసుకుని కూర్చున్న పేజీయే. పైన, ఆమె ఎప్పుడూ నొక్కని పక్క గడిలో, ఇతరులు పంచిన సెట్టింగులు వరసగా ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషు పేర్లు. మధ్యలో ఒక్కటే తెలుగులో ఉంది: లాజరు గారి లారీ.