ఎవరి తాలూకా అని అడిగిన వెబ్‌సైట్

ఇవాళ కొత్తపేటలో ఒక మిఠాయి దుకాణానికి వెళ్లాను. సోషల్ మీడియాలో వ్యాపారం ఎలా పెంచుకోవాలో చెప్పడం నా వృత్తి. యజమానితో మాట్లాడుతుండగా వెనక గదిలో ఎవరో బెల్లం పాకంలో యాలకుల పొడి వేశారు. ఆ వాసన తగలగానే చెబుతున్న మాట మరిచిపోయాను. రత్నం అత్తయ్యగారు గుర్తొచ్చారు. నన్ను ఈ దారిలో పెట్టింది ఆవిడే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రాజోలులో ఆవిడది సారెల వ్యాపారం. పెళ్లికూతురి వెంట వెళ్లే లడ్డూలు, అరిసెలు, కడుపుతో ఉన్న ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పట్టుకెళ్లే చలిమిడి, అన్నీ ఆవిడ పెరట్లోనే తయారయ్యేవి. అమలాపురంలో అద్దాల మిఠాయి షాపులు వెలిశాక బేరాలు పడిపోయాయి. పొయ్యిలు ఆరిపోతే తనను నమ్ముకుని అక్కడ పనిచేసే ఆడవాళ్లు ఏమైపోతారని ఆవిడకు ఒకటే దిగులు. పక్కింట్లో కంప్యూటర్ కోర్సు చేసి గోళ్లు గిల్లుకుంటున్న నన్ను పిలిచారు.

"ఏమ్మా, గల్ఫులో ఉన్నోళ్లు కంప్యూటర్లో వెతికితే మనం కనపడతామా?"

"ఆయ్, వెబ్‌సైట్ పెడితే కనపడతామండీ అత్తయ్యగారూ."

"అయితే పెట్టెయ్. శుభస్య శీఘ్రం!"

పెట్టాను. ఆర్డరు ఇచ్చేవాళ్లు పేరు, ఫోను, కావలసిన సరుకు రాస్తే చాలు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎవరి తాలూకా అని అడగలేదేంటి?" అన్నారు. ఎవరి మనుషులో, ఏ ఇంటివాళ్లో ఇంటర్నెట్లో అడగరండీ అన్నాను.

"బాగుందమ్మా! ఎవరింటికి వెళ్తుందో తెలియకుండా సారె ఎలా కట్టేది? ఆ ఇంట్లో పెద్దోళ్లుంటే అరిసెలు మెత్తగా ఉండొద్దూ?"

నవ్వులపాలవుతామని గొణుక్కుంటూనే ఆ గడి చేర్చాను. అంతటితో ఊరుకున్నారా? నేను వద్దంటున్నా, అంతవరకు సారెలు వెళ్లిన ఊళ్ల పేర్లన్నీ పేజీలో పెట్టించారు. ఆ తరువాత రోజూ వచ్చి, "ఎవరన్నా వచ్చేరా?" అని కంప్యూటర్ వైపు వీధి గుమ్మం వైపు చూసినట్టు చూసేవారు. నెలలు గడిచినా ఒక్కరూ రాలేదు. నాకు ఆవిడ ముఖం చూడాలంటే బాధగా ఉండేది.

అప్పుడు జరిగింది ఒక తమాషా. గల్ఫులో మనవాళ్లకు బెంగ పుడితే సెర్చ్ ఇంజిన్‌లో సొంత ఊరి పేరు కొట్టి చూసుకునేవారట. ఆ చిన్న చిన్న ఊళ్ల గురించి ఇంకెవరూ రాయలేదు కాబట్టి మా సారెల పేజీ ముందుకొచ్చేది. అలా మొదలయ్యాయి, ఇక్కడున్న తమవాళ్లకు పంపమని ఆర్డర్లు. నేను వద్దన్న పనే మమ్మల్ని గట్టెక్కించింది.

కువైట్ నుంచి ఒక అబ్బాయి చలిమిడి కావాలని రాశాడు. తాలూకా గడి మాత్రం ఖాళీగా వదిలేశాడు. అత్తయ్యగారు ఫోను చేయించారు.

"ఎవరి తాలూకానో రాయలేదేంటి బాబూ?"

"మాకెవరూ లేరండి. అమ్మా నాన్నా పోయేరు. ఆలమూరులో చెల్లికి ఐదో నెలండి. ఎవరి చేతన్నా పంపించెయ్యండి."

ఆవిడ, "చలిమిడి ఒకళ్ల చేత పంపించేది కాదు బాబూ. నేనే పట్టుకెళ్తాను. నువ్వు బెంగెట్టుకోకు" అన్నారు. నా వైపు తిరిగి, "ఆ ఖాళీలో మన తాలూకా అని రాయమ్మా" అన్నారు.

ఆ గల్ఫు ఆర్డర్లతో పొయ్యిలు నిలబడ్డాయి. ఇప్పుడు ఆవిడ లేరు, కోడలు నడుపుతోంది. నేను మాత్రం సెర్చ్‌లో ముందుకు రావడానికి మెళకువలు చెబుతూ బతుకుతున్నాను. అవి అవసరమే, కాదనను. కానీ సరుకు ఎవరి ఇంటికి వెళ్తుందో అడిగి తెలుసుకోకుండా ఒక్క పనీ ఒప్పుకోను.

ఆలమూరుకు ఆ రోజు నేనూ వెళ్లాను. అత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని, చలిమిడి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "పిల్ల పుట్టింటి నుంచి వచ్చేమండీ" అన్నారు. లోపలి నుంచి ఆ అమ్మాయి పరుగున వచ్చింది. ఎన్నడూ చూడని మనిషిని పట్టుకుని ఏడ్చేసింది. ఈ పనిలో విసుగు పుట్టినప్పుడల్లా నేను ఆ పిల్ల ముఖమే తలుచుకుంటాను.