కదలకూడని చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న మాట ఏదంటే, "కదలొద్దు". మాది జమ్మలమడుగు పక్కన నేతగాళ్ల ఊరు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు పోగులు సాగదీసి గంజి పెట్టేవాళ్లు. ఆ పడుగు కొసన కర్ర పట్టుకుని నిలబడే పని పిల్లలది. కాలు మార్చినా, చెయ్యి వదిలినా పోగులన్నీ చిక్కుపడి ఇంటిల్లిపాది కష్టం మట్టిపాలవుతుంది. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోకూడదు. కదలకుండా ఉన్న పిల్లే మంచి పిల్ల అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పారు. ఆ విషయంలో మా వీధిలో నాకు మంచి పేరే ఉండేది.

రెండో "కదలొద్దు" మా చిన్నాయనది. మా నాన్నకు తమ్ముడు. ఆయనకు లేని పిచ్చి లేదు. అమావాస్య నాడు మా వీధిలో మగ్గం ఆడదు, అది నేతగాళ్లకు సెలవు. ఆ రోజు ఊళ్లో మగవాళ్లంతా మధ్యాహ్నం దాకా నిద్రపోతే, ఈయన మాత్రం తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సైకిలెక్కి ప్రొద్దుటూరు మ్యాటినీకి పోయేవాడు. మరుసటి రోజు మగ్గం మీద కూర్చుని ఆ సినిమా మొత్తం నాకు చెప్పేవాడు. ఫైటింగులు నోటితోనే చేసేవాడు. హీరోయిన్ ఏడ్చిందంటే పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆపి తానూ కళ్లు తుడుచుకునేవాడు. రేడియోలో పాట వస్తే దానికి తగ్గట్టు మగ్గం ఆడేది. ఏడుపు పాటలు వచ్చిన పూట చీర ముందుకు సాగదని, నాన్నను కన్న మా జేజి తిట్టేది. అది నిజమే.

అన్నిటికంటే ముదిరిన పిచ్చి క్రికెట్టు. ఆయన జన్మలో బ్యాటు పట్టింది లేదు. వ్యాఖ్యానం హిందీలో వచ్చేది, ఆయన హిందీ అంతా ప్రొద్దుటూరు బజారులో సాయిబుల దగ్గర నేర్చుకున్నదే. అయినా గొంతు పెరగడం తగ్గడం బట్టి ఆట మొత్తం చెప్పేసేవాడు. మగ్గం చప్పుడుకు రేడియో వినబడదు కాబట్టి, మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని నేత ఆపేసి కూర్చునేవాడు. ఆట మనవైపు తిరిగినప్పుడు ఎవరు ఎక్కడ కూర్చుని ఉంటే అక్కడే ఉండాలన్నది ఆయన పెట్టిన చట్టం. పక్కింటివాళ్లు తలవాకిట నిలబడి ఉంటే అక్కడే నిలబడాలి. నా చోటు మగ్గం గుంజ పక్కన గోనెపట్ట మీద, నూలు కండెలు చుట్టే రాట్నం ముందర.

ఒకసారి నేను నీళ్లు తాగుదామని లేచాను. సరిగ్గా అప్పుడే మనవాడొకడు అవుటయ్యాడు. చిన్నాయన నా వైపు తిరిగి, "ఎంత పని చేస్తివి పాపా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు సంగతి నేను గమనించలేదు. నేను లేస్తే ఎక్కడో మద్రాసులోనో బొంబాయిలోనో ఉన్న మనిషి అవుటవుతాడన్న మాట మాత్రం నా లోపలికి దిగబడిపోయింది. నవ్వులాటకు అన్న మాటలు పిల్లల దగ్గర ఎక్కడికి పోయి కూర్చుంటాయో పెద్దవాళ్లకు తెలియదు.

ఇక ఆ రోజు సంగతి. మా అమ్మకు నెలలు నిండాయి. ముందురోజు సాయంత్రం మొదలైన నొప్పులు తెల్లవారినా తెగలేదు. మంత్రసాని చేతులు కడుక్కుని బయటికి వచ్చి, తన వల్ల కాదు, టౌనుకు తీసుకుపోండి అన్నది. నాన్న పరుగెత్తిపోయి జీపు తెచ్చాడు. నేను ఏం చెయ్యాలో తెలియక నా గోనెపట్ట మీద కూర్చున్నాను. అమ్మను దుప్పట్లో పడుకోబెట్టి నా పక్క నుంచే మోసుకుపోయారు. అమ్మ మొహం తెల్లగా, ఎవరి మొహమో లాగా ఉంది. తల నా వైపు తిప్పి, "ఈడ్నే ఉండుమ్మా. వస్తా" అన్నది. ఆ తరువాత జీపు చప్పుడు, దాని వెనకాలే వీధి కుక్కల అరుపులు వినబడ్డాయి.

ఈడ్నే ఉండమంది. ఉన్నాను.

జీపులో చోటు లేక చిన్నాయన మా దగ్గర ఆగిపోయాడు. జేజి దేవుడి పటాల ముందర దీపం పెట్టి, దాని ఎదురుగా కూలబడింది. చిన్నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని రేడియో తిప్పాడు. ఆ సమయంలో రేడియో ఏమిటని మీకు అనిపించవచ్చు. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటే భరించడం ఎవరివల్లా కాలేదు, అంతే. ఆ రోజు టెస్టు మ్యాచికి ఆఖరి రోజు. మనవాళ్లు గెలిచేది లేదు, సాయంత్రం దాకా అవుటు కాకుండా నిలబడితే చాలు. అది నాకు కూడా అర్థమైంది. సాయంత్రం దాకా నిలబడితే చాలు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి పక్కింటాయన టౌను నుంచి సైకిలు మీద వచ్చాడు. తలవాకిట్లోనే ఆగి, గొంతు తగ్గించి, "రక్తం శానా పోతాండాదంట అత్తా. డాక్టరమ్మ ఏమీ చెప్పల్యా" అన్నాడు. జేజి ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడ్చి ఉంటే నాకు ఇంకొంచెం ధైర్యంగా ఉండేదేమో.

అప్పుడు మొదలైంది నాకు అసలు భయం. కాలు తిమ్మిరెక్కింది, సర్దుకోలేదు. జేజి సంగటి ముద్ద తెచ్చి పక్కన పెడితే, చెయ్యి చాపాలంటే ఒళ్లు వంచాలి కదా అని ముట్టలేదు. దాహమేస్తే ఉమ్ము మింగాను. రేడియోలో గొంతు పెరిగినప్పుడల్లా అది మ్యాచి సంగతా అమ్మ సంగతా అన్నది నాకు కలగాపులగమైపోయింది. బయట పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినబడుతుంటే, వాళ్ల అమ్మలంతా ఇళ్లలోనే ఉన్నారని వాళ్ల మీద కోపం వచ్చింది. చివరికి ఆపుకోలేక కూర్చున్న చోటే ఒంటేలు పోసుకున్నాను. పావడా తడిసి, గోనెపట్ట తడిసి, నేల మీదికి పారింది. అయినా లేవలేదు.

చిన్నాయన ఆ తడి చూశాడు. "ఏం పాపా, లేచి పోకూడదా" అన్నాడు. నేను తల కూడా ఊపలేదు. జేజి వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపబోయింది. నేను రెండు చేతులతో గుంజను వాటేసుకుని కెవ్వుమన్నాను. అది భయం పట్టుకున్న అరుపు. జేజి చేతులు వదిలేసి వెనక్కి పోయింది.

"ఏమైంది, చెప్పు" అన్నాడు చిన్నాయన, మెల్లగా.

"నేను లేస్తే అమ్మ అవుటైపోతాది" అన్నాను.

ఆయన మొహంలో రక్తం లేకుండా పోయింది. వంగి, గుంతలో ఉన్న తన కాళ్లను చూసుకున్నాడు. నేనూ చూశాను. జీపు పోయాక కూర్చున్నప్పుడు ఒక కాలి మీద ఇంకో కాలు ఎట్లా వేసుకున్నాడో ఇప్పుడూ అట్లాగే ఉన్నాయి. ఆయన పక్కన కూడా సంగటి ముద్ద ఎండిపోయి ఉంది. పక్కింటాయన వచ్చి ఆ మాట చెప్పినప్పుడు కూడా చిన్నాయన లేచి తలవాకిట్లోకి పోలేదన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. నాలాగే కూర్చుని ఉన్నాడు. మ్యాచి కోసం కాదు, మా అమ్మ కోసం. అంత పెద్ద మనిషి, మీసాలున్న మనిషి.

చిన్నాయన మగ్గం పలకను పట్టుకుని లేచాడు. తిమ్మిరెక్కి కాళ్లు నిలబడలేదు, గోడ ఆసరా చేసుకున్నాడు. ఆయన లేచీ లేవకముందే రేడియోలో జనం హోరు. అవుట్. మనవాళ్లలో అంతసేపు నిలబడిన ఒకే ఒక మనిషి.

నేను ఏడ్చిన ఏడుపు వీధి చివరిదాకా వినబడిందని ఆ తరువాత జేజి చెప్పేది. చిన్నాయనకూ భయం వేసింది. ఆయన రేడియో వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. మళ్లీ కూర్చుంటాడేమో అనుకున్నాను. కూర్చోలేదు. వచ్చి నా ముందర, ఆ తడిలోనే మోకాళ్ల మీద కూలబడి, నా చేతులు గుంజ నుంచి ఒక్కొక్క వేలే విడిపించాడు.

"వాడు బంతి చూసుకోలేదు, అవుటైనాడు. వానికీ మనకూ ఏమి సంబంధం పాపా? నేను ఉత్తమాట చెప్పినా ఇన్నాళ్లు. మీయమ్మ ఆడుండాది. మనం ఈడ కూచోని ఏమి చేస్తాండాం? పోదాం పా" అన్నాడు.

నా కాళ్లు కడిగి, వేరే పావడా కట్టబెట్టి, సైకిలు ముందర కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడవునా నేను వెనక్కి పోదామని ఏడుస్తూనే ఉన్నాను. పెన్న ఏటి ఇసుకలో సైకిలు దిగి నెట్టుకుంటూ నడిచినప్పుడు నా చోటు ఖాళీగా ఉందన్న ఒక్క ఆలోచన తప్ప ఇంకేమీ లేదు. చిన్నాయన ఊరికే ఉండలేక ఏదో పాట మొదలుపెట్టాడు, రెండు మాటలకే ఆపేశాడు. ఆయన పాట మధ్యలో ఆపడం నేను వినడం అదే మొదటిసారి.

ఆసుపత్రి వరండాలో నాన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే తమ్ముడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. అమ్మకు రక్తం ఎక్కించాలట. నాన్నది కలవలేదు. ఇంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని నర్సమ్మ అప్పటికే అడిగి అడిగి విసుక్కుంటోంది. చిన్నాయనది కలిసింది.

నన్ను బల్ల మీద కూర్చోబెట్టి పోయారు. ఈసారి నేను ఒకచోట కూర్చోలేకపోయాను. ఆ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నాను. భయం మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు, నాతోపాటే తిరిగింది.

దీపాలు పెట్టే వేళకు డాక్టరమ్మ వచ్చి, అమ్మ బతుకుతుందని చెప్పింది. కడుపులోని బిడ్డ, నా తమ్ముడు, మాత్రం దక్కలేదు. నాన్న ఆ మాట విని అట్లాగే కిందికి జారిపోయాడు. నేను పోయి చిన్నాయన పక్కన నిలబడ్డాను. ఆయన మోచేతి మడతలో దూది అతికించి ఉంది. నాకు మనసులో ఒకటే ప్రశ్న. అదే అడిగాను.

"నేను లేచినందుకేనా?"

ఆయన నన్ను దూది లేని చేత్తో దగ్గరికి తీసుకున్నాడు. "కాదమ్మా. వాడు పొద్దున్నే పోయినాడంట. డాక్టరమ్మ చెప్పింది. మనిద్దరం కదలకుండా కూచోనుండామే, అప్పుడు" అన్నాడు. ఆ మాట అంటూ ఏడ్చాడు. సినిమాకు ఏడ్చే ఏడుపు కాదు అది.

అమ్మ ఇంటికి వచ్చింది. మళ్లీ నేనూ కండెలు చుట్టాను, పడుగు కర్రా పట్టుకున్నాను. చిన్నాయన అమావాస్య సినిమాలు మానలేదు. క్రికెట్టు వచ్చినప్పుడు చుట్టూ చేరినవాళ్లను మళ్లీ కదలొద్దనే అనేవాడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి యాడికి పోతుంది. నేను కూర్చుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. ఆట ఎంత బిగువుగా ఉన్నా, "నువ్వు తిరుగు పాపా, నీళ్లు తాగి రాపో" అని పనిగట్టుకుని లేపేవాడు. నేను లేచినప్పుడు మనవాళ్లు అవుటైన రోజులు ఉన్నాయి, సిక్సరు కొట్టిన రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు నా తలంతా తెల్లబడింది. నాకూ ఆయన పిచ్చే అంటుకుంది. టీవీలో మ్యాచి వస్తే సోఫాలో ఆ మూల నాదే, అక్కడ ఎవరైనా కూర్చుంటే నా నోటి దురుసు చూడాలి. మనవడు నన్ను ఆటపట్టిస్తాడు. పట్టించుకోను.

మొన్న అట్లా కూర్చుని ఉండగానే ఫోను వచ్చింది. చిన్నాయన పెరట్లో పడిపోయాడని, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చామని ఆయన కొడుకు చెప్పాడు. ఒక్క క్షణం నా కాళ్లు కదల్లేదు. ఈ చోటు వదిలితే ఏమవుతుందో అన్న ఆ పాత భయం, ఇన్నేళ్లయినా నా లోపల అట్లాగే గుంజ పట్టుకుని కూర్చుని ఉంది. అది పోయిందని నేను ఎవరికీ అబద్ధం చెప్పను. దాన్ని వెంటబెట్టుకునే లేచాను, కడప బస్టాండులో ముందు కనబడిన ప్రొద్దుటూరు బస్సెక్కాను.

నేను పోయేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు. నన్ను గుర్తుపట్టి, ముందు అడిగిన మాట ఇది.

"మ్యాచి ఏమాయ పాపా?"

"తెలీదు చిన్నాయనా. మధ్యలోనే లేచొచ్చినా."

ఆయన సెలైను కట్టిన చెయ్యి జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని, గోడ వైపుకు జరిగి, మంచం మీద నాకు కొంచెం చోటు చేశాడు.