తమలపాకు కుండీ లెక్క

మా ఇంటికి సముద్రం రెండు కిలోమీటర్లు. మిద్దె మీద పెట్టిన మొక్క ఏదీ నెల దాటదు. ఉప్పుగాలికి ముందు ఆకుల అంచులు మాడతాయి, తర్వాత కొమ్మలు. అందుకని మా కుండీలు పదకొండూ ఇంట్లోనే ఉండేవి. పది నా భార్యవి, చిన్నవి. పదకొండోది పెద్దది, మా అక్కది. అందులో తమలపాకు తీగ. బావ పోయాక అక్క మా ఇంటికి వస్తూ ఒక ట్రంకు పెట్టె, వాళ్ళ పెరట్లోని ఆ తీగ ముక్క తెచ్చుకుంది. ఆరేళ్ళలో అది హాలు కిటికీ ఊచలన్నీ ఎక్కింది.

కిందటేడు కార్తీకం వానలకు ఇంట్లో చిన్న దోమలు పుట్టాయి. ఆవగింజలో సగం ఉంటాయి, నల్లగా. కుట్టవు. కుండీల మట్టి మీద నడుస్తాయి, మొహం చుట్టూ తిరుగుతాయి, మజ్జిగలో పడి చస్తాయి. ఒక మధ్యాహ్నం నా భార్య కంచం పక్కకు నెట్టేసింది.

"ఈ నెలాఖరుకి ఇవి పోకపోతే కుండీలన్నీ మిద్దె మీదికే. నావైనా సరే, వదినదైనా సరే."

మిద్దె మీదికంటే చావుకే అని ముగ్గురికీ తెలుసు. అక్క నా వైపు చూసింది. "నువ్వు లెక్కలోడివి గదరా. ఏదో ఒకటి చెయ్యి."

నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణి. లెక్క సొంతంగా నేర్చుకున్నాను. చుట్టుపక్కల రొయ్యల గుంటలకు మేత ఎంత వెయ్యాలో చెప్పడం నా పని. గుంటలో రొయ్యలు కనపడవు. చెక్ ట్రేలో పిడికెడు మేత వేసి మూలన దించుతాం. రెండు గంటలకు పైకి లాగి, మిగిలిన మేతను, ఎక్కిన రొయ్యలను చూసి గుంట మొత్తం సంగతి చెబుతాం. కుండీలకూ అదే పద్ధతి పెట్టాను. దోమ పైన ఎగిరినా దాని పిల్ల తడిమట్టిలో ఉంటుంది, పై రెండంగుళాల్లో. ప్రతి కుండీలో ఒక బంగాళదుంప బిళ్ళ బోర్లించి, రెండు రోజులాగి తిప్పి చూశాను. అడుగున దారప్పోగుల్లాంటి తెల్లటి పురుగులు, నల్ల తలలతో. భూతద్దం పెట్టి లెక్కించి పుస్తకంలో రాశాను. పసుపు అట్టముక్కలకు ఆముదం పూసి కుండీకొకటి గుచ్చి, వాటికి అంటుకున్న దోమలను రోజూ పొద్దున ఏడింటికి లెక్కపెట్టాను.

"దోమలకి జనాభా లెక్కలు రాస్తా ఉండాడు మావాడు," అని అక్క, మా వసారాలో బియ్యం చెరుగుతున్న పక్కింటామెతో అంది. "రేపు రేషన్ కార్డులు కూడా ఇస్తాడు చూడు."

పక్కింటామె నవ్వింది. నాకు అప్పటికే దుంప బిళ్ళల అంకెలు వచ్చేశాయి. నా భార్య పది కుండీలకూ కలిపి నలభై మూడు పురుగులు. తమలపాకు కుండీ ఒక్కదానికే నలభై ఒకటి. నా భార్యనూ పిలిచి, అందరి ముందూ చదివి వినిపించాను. ఒక్కో కుండీ, నెమ్మదిగా, తమలపాకుది చివర్లో.

"రోజుకి ఎన్నిసార్లు పోస్తావక్కా నీళ్ళు?"

"ఎన్నిసార్లని చెప్పేది? అటు పోతా ఒక గళాసు, ఇటు వస్తా ఒక గళాసు."

"నిన్న ఏడు గళాసులు. మొన్న ఆరు. నేను చూసినా."

"దానికి దాహమేస్తాదిరా."

"దాహమా? నీకు పనిలేక. ఈ దోమల్ని పెంచింది నువ్వే. మా కంచాల్లో పడింది నీ చేతి నీళ్ళే."

అక్క నవ్వు సగంలో ఆగిపోయింది. పక్కింటామె చాటలోని బియ్యం వైపు చూసుకుంది. నా భార్య "పోనీలే" అనలేదు. నాకు బాధ కలగలేదు. గుంట రైతు కాదని వాదించినప్పుడు నా అంకె నిజమైతే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

ఆ మర్నాడు ఉపాయం తట్టింది. పై మట్టి ఆరితే దోమ గుడ్లు పెట్టదు. పది కుండీలను ఎండబెట్టి, ఒక్కదాన్ని తడిగా ఉంచితే ఇంట్లో దోమలన్నీ దాంట్లోకే దిగుతాయి. అప్పుడు ఆ ఒక్కదాన్ని చంపితే చాలు. తడిపే మనిషి కోసం వెతుక్కోనక్కర్లేదు.

నేనా మాట అన్నప్పటి నుంచి అక్క కుండీ వైపే పోవడం లేదు. "నువ్వు మామూలుగా పోసుకో అక్కా," అన్నాను. "తమలపాకు తడి లేకుంటే బతకదు. నేనే తొందరపడి అన్నా."

నా కోపం పోయిందనుకుంది. పన్నెండు రోజులు తృప్తిగా పోసింది. పది కుండీల అట్టల మీద అంకెలు పడిపోయాయి. పెద్ద కుండీ అట్ట మీద రోజుకు నూరు దాటింది.

"ఇంకా ఎక్కువైనాయేందిరా?" అని అడిగింది.

"అట్టే అవతాయి. నువ్వు పొయ్యి."

పదమూడో రోజు పొద్దున అక్కను పెద్ద గిన్నెలో నీళ్ళు కాగబెట్టమన్నాను. "స్నానానికా? గీజరు పాడైందా?" అంటూ పొయ్యి వెలిగించింది. తెర్లిందాకా ఉంచమన్నాను. ఉంచింది. గుడ్డతో పట్టుకుని ఆ గిన్నెను హాల్లోకి తీసుకుపోయి కుండీ అంచు చుట్టూ పోయడం మొదలుపెట్టాను. దోమలు మబ్బులాగా లేచాయి. మొదలు దగ్గరి ఆకులు అప్పటికప్పుడే నల్లబడ్డాయి.

"ఒరే, ఒరే! వేర్లురా!" అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

మిగిలిన నీళ్ళు కూడా పోశాను, ఆమె చెయ్యి నా చేతి మీద ఉండగానే. "ఒకటి పోతే పది బతుకుతాయి. లెక్క అక్కా."

నాలుగు రోజుల్లో తీగ వేలాడిపోయింది. ఊచల నుంచి ఆమే తెంచి తీసింది. కొసన పచ్చగా ఉన్న రెండు ముక్కలను సీసా నీళ్ళలో పెట్టింది. ఒకటి కుళ్ళింది. రెండోదాన్ని, దోమలు పుడతాయని, నేనే పారబోశాను.

ఎనిమిది రోజులు వరసగా సున్నా రాశాను. తొమ్మిదో రోజు మూడు. తర్వాత ఎనిమిది, పదహారు. కుండీలన్నీ పొడిగానే ఉన్నాయి. ఇల్లంతా వెతికితే మెట్ల కింద, నీళ్ళ డ్రమ్ము పక్కన, కొబ్బరిపొట్టూ ఎరువూ కలిపిన బస్తా కనపడింది. వానలకు ముందు కుండీల్లో వెయ్యడానికి నేనే తెచ్చింది. డ్రమ్ము కుళాయి బొట్టుబొట్టుగా దాని మూతిలోకి కారుతోంది. దుంప బిళ్ళ పెట్టి చూశాను. ఒక్క బిళ్ళకు నూట పన్నెండు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎరువును చిన్న కుండీకి ఒక చిప్ప, పెద్ద కుండీకి పన్నెండు చిప్పల చొప్పున కొలిచి వేసింది కూడా నేనే. పన్నెండు చిప్పలకు నలభై ఒకటి అంటే చిప్పకు మూడున్నర కూడా లేదు. నా భార్య కుండీల్లో చిప్పకు నాలుగు దాటింది. ఏడు గళాసులు పోసినా అక్క కుండీలోనే తక్కువ. మొదటి రోజే చెయ్యాల్సిన భాగహారం అది.

బస్తాను బండి మీద వేసుకుని కాలవ అవతల పారేసి వచ్చాను. కుళాయి బిగించాను. మూడు వారాలకు ఒక్క దోమ లేదు. మరిగే నీళ్ళే పనిచేశాయని నా భార్య అందరికీ చెప్పింది. నేను కాదనలేదు.

ఎండలు ముదరకముందు పక్కింటామె వాకాడులోని పుట్టింటికి పోయి, వస్తూ ఒక కవరులో తమలపాకు తీగ తెచ్చింది. "వేరుతో సహా తెచ్చినా అక్కా. నీ కుండీ ఖాళీగా ఉంది గదా."

"వద్దు మే. నా చెయ్యి మంచిది కాదు."

"అదేం మాటక్కా?"

"నేనన్న మాటా? మావాడు లెక్కగట్టి తేల్చినాడు. అడుగు."

బావ పోయినప్పుడు వాళ్ళ ఊళ్ళో ఎవరో ఆడవాళ్ళు ఆ మాటే అంటే, అక్క వాళ్ళను వాకిట్లో నిలబెట్టి తిట్టి పంపింది. ఆ తిట్లు నేను విన్నాను. ఇప్పుడు తనే, గొంతు కూడా పెంచకుండా అంటోంది.

పక్కింటామె నా వైపు తిరిగింది. "అంతేనా అన్నా?"

మూడున్నర కంటే తక్కువ అన్న అంకె నోటి దాకా వచ్చింది. అక్క కూడా నా వైపే చూస్తోంది.

"లెక్క అట్టే వచ్చింది," అన్నాను.

పక్కింటామె కవరు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది.