ఎనిమిదడుగులు అన్నదెవరు?

ఆ వారపత్రిక ఆఫీసులో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆవిడ అనుమానమ్మ. "కళ్లారా చూశాం" అనే శీర్షికకి పాఠకులు పంపే వింత జంతువుల కథల్ని విచారించి, ఏది అచ్చుకి పనికొస్తుందో, ఏది రాదో తేల్చడం ఆవిడ ఉద్యోగం. మెట్ల కిందున్న ఇరుకు గది ఆవిడది. పైకి ఎవరెక్కినా నెత్తిమీద నడిచినట్టే ఉండేది. బల్ల మీద ఫోను, పక్కన కొలత టేపు, గోడకి ఎలుగుబంట్లవీ కోతులవీ పెద్ద పటం. అంతే సామాను.

ఉద్యోగం చూసి నవ్వేవాళ్లు చాలామందే ఉన్నా, ఆవిడ మాత్రం నవ్వులాటగా చేసేది కాదు. జలాశయంలో పడవంత చేప కనిపించిందని ఒకాయన చెబితే, అక్కడికి వెళ్లి ఆయన నిలబడ్డ చోటే నిలబడి చూసి వచ్చేది. వీధి దీపం వెలుగులో చూశానంటే, ఆ రోజు ఆ దీపం వెలిగిందో లేదో కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కునేది. "మీరు మొట్టమొదట ఎవరితో చెప్పారు? వాళ్లు మిమ్మల్ని ఏమడిగారు?" అన్నది ఆవిడ అందరినీ తప్పకుండా అడిగే మాట. విసుక్కునేవాళ్లు విసుక్కునేవారు, ఫోన్ పెట్టేసేవాళ్లు పెట్టేసేవారు. దానికి ఆవిడ అలవాటు పడిపోయింది.

అలవాటు పడలేకపోయింది ఒక్క విషయానికే. ఒక నర్సు డ్యూటీ దిగి వస్తూ కాలవ గట్టున దూడంత పిల్లిని చూశానంటే, ఎడిటరు గారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, "ఆవిడకి సైటుందేమో కనుక్కోమ్మా" అనేవాడు. లారీ డ్రైవరైతే "మందేసుకున్నాడేమో అడుగు" అనేవాడు. అదే ఎవరైనా "నేను సైన్యంలో చేసి రిటైరైనవాణ్ణి" అని మొదలుపెట్టారంటే మాత్రం, ఆ కాగితం మెట్ల కింది గదికి వచ్చేదే కాదు. తిన్నగా ప్రెస్సుకి వెళ్లిపోయేది. ఒకటి రెండుసార్లు ఆవిడే పైకి వెళ్లి అడిగింది.

"సైనికుడికి అబద్ధమాడాల్సిన ఖర్మేంటమ్మా?" అన్నాడు ఎడిటరు.

"అబద్ధమని నేనట్లేదు సార్. పొరపడ్డాడేమో అంటున్నా."

"సరిహద్దు కాసేవాడు పొరపడితే ఇంకేవన్నా ఉందా? మనం ఇక్కడ కూర్చుని టీ తాగేవాళ్లమా?"

ఇలాంటి వాదనకి ఎక్కడ పట్టుకుని ఎదురు చెప్పాలో ఆవిడకి తెలిసేది కాదు. మెట్లు దిగి వచ్చి, తలుపేసుకుని, ఎలుగుబంటి పటం కేసి కాసేపు గుర్రుగా చూసి పనిలో పడేది.

ఇలా ఉండగా పత్రిక వాళ్లు అడవి మనిషి మీద ప్రత్యేక సంచిక తలపెట్టారు. ఒళ్లంతా బొచ్చుతో, రెండు కాళ్ల మీద నడిచే జంతువన్న మాట. ఒకరోజు ఎడిటరు కబురు పెడితే అనుమానమ్మ పైకి వెళ్లింది. వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎడిటరు ఎదురుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, టీ కప్పు చేత్తో పట్టుకుని కూర్చున్నది వేరెవరో కాదు, ఆవిడ సొంత బావగారు.

"దంతాల డాక్టరు దగ్గర పరిచయమయ్యాం," అన్నాడు ఎడిటరు సంబరంగా. "మీ ఇంట్లో ఇంత పెద్ద సాక్షిని పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేదేంటమ్మా? ముఖపత్ర కథ ఈయనదే!"

బావగారంటే ఆవిడ భర్తకి అన్నగారు. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి వచ్చాడు. కింద వాటాలో ఆయన, ఆయన భార్య, అత్తగారు. పై వాటాలో అనుమానమ్మ, గడియారాలు బాగుచేసే ఆవిడ భర్త. వాన వస్తుందా రాదా, బస్సు ఎన్నింటికొస్తుంది, పాలు విరిగాయా లేదా, ఇంట్లో ఏదైనా ఆయన అన్నాక అన్నట్టే. "మా ఇంట్లో గోడ గడియారం కూడా అన్నయ్యని అడిగే తిరుగుతుంది," అని భర్త నవ్వేవాడు. మనిషి మాత్రం బంగారం. ఆవిడకి ఆఫీసులో ఆలస్యమైతే బస్టాపు దాకా వచ్చి, తన కోసం వచ్చినట్టు తెలియనివ్వకుండా పేపరు కొంటున్నట్టు నిలబడేవాడు.

ఆ అడవి మనిషి కథ ఆవిడ కాపరానికి వచ్చిన కొత్తలోనే విన్నది. కొండమీద కాపలా శిబిరం, మంచు, పొద్దుగూకే వేళ. రాయి పక్కన బొచ్చుతో ఎనిమిదడుగుల ఆకారం నిలబడి, రాతి మీద చెయ్యి ఆనించి ఇటుకేసి చూసి, రెండు కాళ్ల మీద గట్టు దాటి పోయింది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆయన అదే చెప్పేవాడు. ఇంటి మనిషి కథ కదా అని ఆవిడ ఎన్నడూ నోరెత్తలేదు. ఇప్పుడది ముఖపత్ర కథ అవుతుందంటే, పైగా కింద తన శీర్షిక పేరే పడుతుందంటే ఒళ్లు మండిపోయింది.

"నేను విచారించకుండా పడటానికి వీల్లేదు సార్," అంది.

బావగారు కప్పు కింద పెట్టాడు. "విచారించుకో అమ్మాయ్. నాకేం భయమా?"

ఆ సాయంత్రానికల్లా ఇల్లంతా ఏకమైపోయింది.

"పరాయివాళ్లు నమ్మారు, నువ్వు నమ్మలేకపోయావా?" అని తోటికోడలు మొహం మాడ్చుకుంది.

"నమ్మలేదని ఎవరన్నారక్కా? అడుగుతానన్నానంతే."

"అడిగితే ఏంటి, నమ్మకపోతే ఏంటి? రెండూ ఒకటే," అంది అత్తగారు. "వాడు ఫౌజులో చేసొచ్చాడే! అక్కడ అబద్ధమాడితే జైల్లో వేస్తారు."

భర్త కంటికి భూతద్దం పెట్టుకుని, విప్పిన గడియారంలోంచి తల ఎత్తకుండా ఊరుకున్నాడు. ఇంట్లో గొడవ రేగినప్పుడల్లా ఆయనకి అర్జంటు రిపేరు ఏదో ఒకటి తగులుతుంది.

మర్నాడు ఆవిడ బావగారి దగ్గర నంబరు తీసుకుని రెండో సాక్షికి ఫోన్ చేసింది. బావగారితో పాటు అదే శిబిరంలో ఉన్నాయన, ఇప్పుడు వేరే ఊళ్లో లాండ్రీ నడుపుకుంటున్నాడు. బావగారి పేరు చెప్పగానే మనిషి పొంగిపోయాడు.

"చూడకపోవడమేంటమ్మా! ఎనిమిదడుగులు. రాతి మీద చెయ్యి ఆనించి ఇటుకేసి చూసింది. రెండు కాళ్ల మీద గట్టు దాటి పోయింది."

మాట పొల్లుపోకుండా బావగారి మాటలే. అనుమానమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"అప్పుడు మీరు ఎక్కడ నిలబడ్డారండీ?"

"నేనా? నేను లోపల పొయ్యి దగ్గర బూట్లు ఆరబెట్టుకుంటున్నా."

"మరి చూశానన్నారు?"

"మావాడు చూశాడు కదమ్మా!"

"ఆయన చూశారు సరే. మీరు చూశారా అని."

"అబ్బ, నీకెలా చెప్పాలి. మా పక్కవాడు చూశాడంటే మేం చూసినట్టే. వాడు చూసిందాన్ని నేను చూళ్లేదంటే రేపు నేను చెప్పింది వాడు నమ్ముతాడా? అలాగైతే అక్కడ ఒక్కపూట బతగ్గలమా?"

అంత నిజాయితీగా అంత పెద్ద తప్పుడు సాక్ష్యం ఆవిడ ఇంతకుముందు వినలేదు. ఆ మనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఫోన్ పెట్టేసి, రెండు చేతుల్తో తల పట్టుకుని కూర్చుంది. పైన మెట్ల మీద ఎవరో దడదడమంటూ ఎక్కిపోయారు.

ఇంటికి వచ్చి బావగారితో ఆ సంగతి చెప్పింది. ఆయనకి రోషం వచ్చింది. స్నేహితుడి గురించి ఒక్క మాటా అనలేదు, తన చూపు మీదికి తీసుకున్నాడు.

"వాడి మాట వదిలెయ్. నా కళ్లని పరీక్ష చెయ్. రా, డాబా మీదికి రా."

ఆయన వెనకాల ఆవిడ, ఆవిడ వెనకాల తోటికోడలు, మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే అత్తగారు కూడా మెట్లెక్కారు. పొద్దు వాలుతోంది. వీధి అవతలి ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన ఒక ఎలక్ట్రీషియను వైరు చుడుతున్నాడు. బావగారు కళ్లు చికిలించి చూసి, "అయిదడుగుల నాలుగంగుళాలు," అన్నాడు.

"ఏవయ్యోయ్!" అని అత్తగారు పిట్టగోడ పట్టుకుని అరిచింది. "నీ ఎత్తెంత?"

ఎలక్ట్రీషియను బిత్తరపోయాడు. "ఎందుకండీ?"

"చెప్పవయ్యా, పిల్లనిస్తాంలే!"

"అయిదూ నాలుగండీ!" అని జవాబొచ్చింది.

తోటికోడలు చప్పట్లు కొట్టింది. అత్తగారు కోడలి కేసి తిరిగి, "ఇప్పుడేమంటావ్?" అంది. అనుమానమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ ఎలక్ట్రీషియను ఒక అంగుళం పొట్టిగానో పొడుగ్గానో పుట్టకూడదా అనిపించింది. ఇక రేపట్నుంచి వీధిలో తలెత్తుకోనివ్వరు. అయినా పట్టు వదల్లేదు.

"ఎలా చెప్పగలిగారు బావగారూ?"

"దాంట్లో ఏవుంది? ఆ ట్యాంకు మన ట్యాంకు లాంటిదే. అయిదడుగులు. వాడి తల దానికంటే అరజానెడు లోపే పైకుంది. లెక్క తేలిపోలా?"

"మంచులో దేంతో పోల్చారు?"

"పక్కన రాయుంది కదా."

"ఆ రాయి ఎత్తెంత?"

బావగారు మళ్లీ ట్యాంకు కేసి చూశాడు. ఎదురింటి ఎలక్ట్రీషియను ఇంకా ఇటే చూస్తున్నాడు.

"కొలవలేదు," అన్నాడు బావగారు. "రాత్రంతా మంచు పడింది. పొద్దున్న వెళ్తే ఏ రాయో ఆనవాలు తెలీలేదు."

"మరి ఎనిమిదడుగులని మీకెలా..."

"కెప్టెను గారు అడిగారమ్మా. కింది శిబిరానికి వైర్‌లెస్‌లో చెప్పాలి కదా. 'ఎత్తెంత?' అన్నారు. నేను ఆలోచిస్తున్నా. 'ఎనిమిదుంటుందా?' అన్నారు. 'ఉంటుంది సార్' అన్నా." ఆయన పిట్టగోడ మీద సున్నం పెచ్చుని గోటితో గీకుతూ ఉండిపోయాడు. "మా దగ్గర 'తెలీదు సార్' అనకూడదు అమ్మాయ్. శత్రువులెంతమంది అంటే అంకె చెప్పాలి. దూరమెంత అంటే అంకె చెప్పాలి. తెలీదన్నవాడు డ్యూటీలో నిద్రపోయినట్టు లెక్క. ఆ అంకె నేనే వైర్‌లెస్‌లో పంపించా. పంపించాక ఇంక అదే ఖాయమైంది."

తోటికోడలు చప్పట్లు ఎప్పుడాపిందో ఎవరూ గమనించలేదు.

"కానీ అది నిలబడింది," అన్నాడు బావగారు గొంతు పెంచి. "రాతి మీద చెయ్యేసి నా కేసి చూసింది. నా కాళ్లు వణికాయి. తుపాకీ భుజాన ఉందన్న సంగతే గుర్తు రాలేదు. ఎలుగుబంటేమో, మరేదో, దాని ఎత్తెంతో కూడా నాకు తెలీదు. చూసింది మాత్రం చూశాను. అందులోంచి ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను."

కాళ్లు వణికిన మాట ఇన్నేళ్లలో ఏ చుట్టానికీ ఆయన చెప్పలేదు. ఎనిమిదడుగుల మీద రాని నమ్మకం ఆవిడకి ఆ వణుకు మీద వచ్చింది. "అది ఉన్నదున్నట్టు రాస్తాను బావగారూ," అంది.

రాసింది. ఆయన కచ్చితంగా చూసిందేంటో, కెప్టెను నోటినుంచి వచ్చిందేంటో, లోపల బూట్లు ఆరబెట్టుకున్నాయన ఎందుకు చూశానన్నాడో విడివిడిగా రాసింది. ఎవర్నీ చిన్నబుచ్చలేదు. ఎడిటరు చదివి, ఆఖరి పేరా మీద పెన్ను అడ్డంగా పెట్టాడు.

"'ఎత్తు ఎంతో నాకు తెలియదు' అని సాక్షే అంటే ఇంకెవరు చదువుతారమ్మా? ఇది తీసేద్దాం."

"అది ఆయన చెప్పిన మాట సార్."

"ఆయన మర్యాదకే తీసేద్దామంటున్నా. సైనికుడు తెలియదంటే బాగుంటుందా?"

రెండు రోజులు ఆ పేరా కోసం పైకీ కిందకీ తిరిగి ఆవిడ కాళ్లరిగాయి. మూడో రోజు బావగారికి విషయం తెలిసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తనే వచ్చాడు. ఎడిటరు టీ తెప్పించబోతే వద్దన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ మాట తీసేస్తే నా ఫొటో కూడా తీసేయండి."

ఫొటో అప్పటికే అట్ట మీద వేయించారు. ఎడిటరు దిగొచ్చాడు. ఆఖరి పేరా పూర్తిగా, అక్షరం పోకుండా పడింది.

సంచిక వచ్చిన రోజు అనుమానమ్మ ఆత్రంగా అట్ట తిప్పి చూసింది. బావగారి ఫొటో పక్కన బొటనవేలంత అక్షరాలతో ఉంది శీర్షిక: "ఎనిమిదడుగుల అడవి మనిషి! సైనికుడి కళ్లు తప్పు చూడవు!" ఆవిడ ఆ సంచికని బల్ల మీద బోర్లించి, లేచి వెళ్లి చల్లటి నీళ్లు మొహాన కొట్టుకుని వచ్చింది. శీర్షికలు పెట్టడం ఆవిడ ఉద్యోగం కాదు. ఆ మాట ఆవిడకి ఆఫీసులో చాలాసార్లు చెప్పారు.

అది విపరీతంగా అమ్ముడుపోయింది. మెట్ల కింది గదికి రిటైరైన సైనికుల దగ్గర్నుంచి ఉత్తరాలు కట్టలు కట్టలుగా రాసాగాయి. తొమ్మిదడుగులవి, పదడుగులవి, ఒక నౌకాదళం ఆయనకైతే రెక్కలున్నది కూడా కనిపించింది. ఎడిటరు వాటికి ప్రతి వారం ఒక పేజీ కేటాయించాడు. విచారించడానికి టైము మాత్రం ఇవ్వలేదు.

ఇంట్లో పరిస్థితి ఇంకో రకంగా మారింది. వీధిలో పదడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు బావగారిని ఆపి, "ఎనిమిదడుగులంట కదండీ!" అనేవారు. మొదట్లో ఆయన ఓపిగ్గా, "ఆఖరి పేరా చదివారా?" అని అడిగేవాడు. "ఆఁ, చదివాం చదివాం. మీలాంటివాళ్లు చెప్తే ఇంకేం కావాలి!" అనేవారు. క్రమంగా ఆయన గొంతు పెరిగింది. పాలవాడితో వాదన, పోస్టుమానుతో వాదన, ఆఖరికి లాండ్రీ స్నేహితుడితో ఫోన్‌లో గంటసేపు వాదన. "నువ్వు చూళ్లేదురా! లోపలున్నావురా!" అని ఆయన అరుస్తుంటే పై వాటా దాకా వినిపించేది.

ఒక ఆదివారం పొద్దున్న క్షవరానికని వెళ్లిన మనిషి అరగంటకే తిరిగొచ్చాడు. తలకి ఒకవైపు నున్నగా ఉంది, రెండోవైపు జుట్టు అలాగే ఉంది. మెడ చుట్టూ మంగలి తెల్లగుడ్డ కూడా ఉంది.

"ఇదేం అవతారమండీ!" అని తోటికోడలు నోరెళ్లబెట్టింది.

"పదడుగులంటాడు!" అన్నాడు బావగారు రొప్పుతూ. "నా కథ నాకే చెప్తాడు! నా నోటితో నేనే పదడుగులన్నానట, తను చెవులారా విన్నాడట! తెలీదన్నాను కదయ్యా అంటే, 'మీరు మొహమాటానికి అలాగే అంటారు సార్' అంటాడు!"

అనుమానమ్మ మెట్ల మీదే నిలబడిపోయింది. ఈ ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ తను రోజూ ఇంటికి మోసుకొచ్చే విసుగే ఇప్పుడు బావగారి మొహంలో, చెమటతో సహా కనిపిస్తోంది. కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. తోటికోడలు లోపల్నుంచి కత్తెర పట్టుకొచ్చింది.

"కదలకండి," అంది ఆయన తల వంచుతూ.

"మొదట అతనికి ఎవరు చెప్పారో కనుక్కున్నారా బావగారూ?" అనడిగింది అనుమానమ్మ.

"అడిగా. 'మీరే సార్' అంటాడు!" అన్నాడాయన, తల వంచుకునే.