పచ్చరంగు పూసిన గొలుసు

బరువులెత్తే అరిగిన గొలుసుకి పరీక్ష జరిగినట్టు పచ్చరంగు పూయించినవాడు టాటానగర్‌లోని బర్మామైన్స్ షెడ్డు కాంట్రాక్టరు. లంచం పుచ్చుకుని, దాని వంక చూడకుండానే సరేనన్నవాడు తనిఖీ అధికారి. ముందు ఈ మాట చెప్పి, తర్వాత ప్రయాణం సంగతి చెబుతాను.

మా బావ అప్పన్న ఆ షెడ్డులో ఇనుప దూలాలు ఎత్తే పని చేస్తాడు. కొన్నాళ్లుగా అతనికి అన్నం సయించడం లేదని అక్క కబురంపితే విజయనగరంలో రైలెక్కాను. ఆదివారం తెల్లవారాక టాటానగర్‌లో దిగాను. అక్కావాళ్లుండే భుయ్యాడీహ్‌కి రిక్షావాడు మూడు రూపాయలన్నాడు, రెండుకి వచ్చాడు. ఏ ఊరు, ఎవరింటికి అని దారంతా అడుగుతుంటే ఊరు, బావ పేరు, సందు అన్నీ చెప్పేశాను.

బావ నూతి దగ్గర కిరసనాయిలు గుడ్డతో వేళ్లు తోముకుంటున్నాడు. గోళ్ల సందుల్లో పచ్చరంగు.

"ఏటి బావా, హోలీ ఆడినావా?" అన్నాను.

అతను నవ్వలేదు. "గొలుసు పరీచ్చ అయినాక రంగేత్తారు. ఈ విడత పచ్చ. అది సూసే మావోలు బరువు కింద నిలబడతారు. గొలుసులో ఒక కడియం సగానికి అరిగిపోనాదని ఎప్పట్నుంచో సెప్తన్నాను. కొత్తది తేకుండా కాంట్రాక్టరు నిన్న నాచేతే రంగు పూయించీసినాడు. రేపు పెద్ద దూలాలెత్తాలి."

"మిగతావోలకి సెప్పినావా?"

"సెప్తే పనుండదు."

"సెప్పకపోతే నువ్వే ఉండవు" అంది అక్క, పొయ్యి దగ్గర్నుంచి.

మధ్యాహ్నం బావని బయల్దేరదీసి భాలుబాసాలో కార్మిక నాయకుడి ఇంటికి వెళ్లాను. కరపత్రాల్లో చదివిన మాటలన్నీ నోటి చివరే ఉన్నాయి. వాకిట్లో ఉన్న జీపు కాంట్రాక్టరుదని బావ గుర్తుపట్టాడు. మేం కూర్చోకముందే నాయకుడు మెల్లగా, "విజయనగరం నుంచొచ్చినావు కదూ, పొద్దుటి రైలు గాడీకి? జీజాజీ, అదే మీ బావ ఇంట్లో నాలుగు దినాలు తిని ఎల్లిపో భాయ్" అన్నాడు. అవి పొద్దున నేను రిక్షాలో చెప్పిన సంగతులే. అక్కణ్ణుంచి ఠాణాకి నడిచి వెళ్తే, అదే జీపు మాకంటే ముందొచ్చి ఆగి ఉంది. లోపలికి అడుగు పెట్టలేకపోయాం.

ఇది రాస్తుంటే సందు చివర జీపు చప్పుడు మళ్లీ వినిపించింది. అక్క దీపం తగ్గించింది. లంచం గురించి చాలా చదివాను. అది షెడ్డులో మొదలై, నాయకుడి వాకిట్లోంచి ఠాణా మీదుగా మా అక్క వంటింటి దాకా వస్తుందని ఏ కరపత్రమూ చెప్పలేదు. ఇటు వచ్చేవాళ్లకి ఒక్క మాట: ఎవరింటికి వెళ్తున్నారో రిక్షాలో చెప్పకండి, సందుకి దూరంగా దిగి నడవండి.

రేపు ఆరింటి షిఫ్టుకి ముందు, అందరి ఎదుటా ఆ కడియం మీద రంగు గీకి చూపిస్తానని బావ ఒప్పుకున్నాడు. ఒక్కడే అయితే గెంటేస్తారు, ఇంకేమైనా చేస్తారు. ఈ కాగితం రాత్రికి చేతికందినవాళ్లు పొద్దున ఐదున్నరకి షెడ్డు గేటు దగ్గరికి రండి.