అరికా నుంచి ఎనిమిది గంటలు

పుంటా అరేనాస్‌లో విమానం టికెట్లు అమ్మే మా ఆఫీసులో నోల్ఫా బర్రియా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. పక్క బల్ల నాది. ఏ ఊరికి ఎన్ని గంటలని అడిగినా కంప్యూటర్ వైపు చూసేది కాదు. దేశానికి దక్షిణపు కొసన మేము, ఉత్తరపు కొసన అరికా. మధ్య మూడువేల ఎనిమిదివందల యాభై కిలోమీటర్లు. "శాంటియాగో దాకా మూడున్నర గంటలు, అక్కడ రెండు గంటలు పడిగాపులు, ఆపైన రెండున్నర. మొత్తం ఎనిమిది" అని గుక్కతిప్పుకోకుండా చెప్పేది.

"ఇంత చెప్తావు, నువ్వెప్పుడైనా విమానం ఎక్కావుటే?" అని ఏడిపించేదాన్ని.

"నేనెక్కితే అమ్మకి సూప్ ఎవరు తాగిస్తారు, నువ్వా?"

ఆ అమ్మ పేరు ఎదెల్మీరా. మంచం పట్టి తొమ్మిదేళ్ళు. కొడుకు రామిరో తన పెళ్ళి విషయంలో ఆమెతో మాటామాటా అనుకుని అరికా వెళ్ళిపోయి, పంతొమ్మిదేళ్ళు ఇటు తొంగిచూడలేదు. నాకు వాడంటే ఒళ్ళుమంట.

మాకు చలికాలం మొదలయ్యే మే నెలాఖరులో ఎదెల్మీరా పోయింది. నేను నోల్ఫా పక్కన ఉండగానే రామిరో ఫోన్ చేశాడు.

"నోల్ఫా, రేపు పొద్దున ఏడింటికి ఎక్కుతున్నా. అమ్మ ముఖం చూడనిస్తావా?"

"రా అన్నయ్యా. నువ్వొచ్చేదాకా పేటికకి మూత వెయ్యనివ్వను."

ఏడూ ఎనిమిదీ పదిహేను. మూడింటికి దిగుతాడు. మూడున్నరకి చర్చిలో అంత్యక్రియల పూజ పెట్టమని నోల్ఫా ఫాదర్‌కి చెప్పింది. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది: పూజ చివర దీవెన నీళ్ళు చల్లి శవపేటిక మూసేశాక మళ్ళీ తెరవరు.

మూడున్నర అయింది, రామిరో జాడలేదు. చర్చి గడియారం చూస్తుంటే అప్పుడు తట్టింది నాకు. చలికాలం రాగానే ఎప్పట్లా దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పి, ఆ సంవత్సరం మొదటిసారి మా ప్రాంతాన్ని మాత్రం పాత వేళలోనే ఉంచారు. పదిహేను రోజులైనా కాలేదు.

"నోల్ఫా, వాళ్ళ ఏడు మన ఎనిమిది కదే! వాడు దిగేది నాలుగింటికి!"

ఊరందరికీ లెక్కలు చెప్పిన మనిషి, సొంత తల్లి దగ్గర తప్పింది. పక్కనే కూర్చుని నేనూ చూసుకోలేదు, నా బుర్రకేమైందో!

"నాలుగింటికి ఇక్కడే ఇంకో పూజ ఉందమ్మా" అన్నాడు ఫాదర్ మెల్లగా. "శ్మశానంలో గూడు మూసే మేస్త్రీ అయిదింటికి వెళ్ళిపోతాడు. ఏం చెయ్యమంటావు?"

ఎదెల్మీరా ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ ఒక్క ఆదివారం పూజ మానలేదు. ఆ సంగతి నోల్ఫా కన్నా ఎవరికి బాగా తెలుసు?

"పూజ వద్దు ఫాదర్. పేటిక తెరిచే ఉంచండి" అంది.

బంధువులు గుసగుసలాడారు. అత్త వరస ఒకావిడ "పాపం కదుటే!" అని పైకే అంది. పూజ లేకుండానే శ్మశానానికి తీసుకెళ్ళాం. పేటిక పెట్టి మూసెయ్యాల్సిన గోడ గూడు ముందు దాన్ని దింపించి, మంచులో నిలబడ్డాం. మేస్త్రీ సిమెంటు కలిపి పెట్టుకున్నాడు.

అయిదుకి పది నిమిషాలుండగా రామిరో పరుగున వచ్చాడు. జుట్టు తెల్లబడింది. నోల్ఫా ఎదురెళ్ళి చేతులు పట్టుకుంది.

"గంట తప్పు లెక్కేశాను అన్నయ్యా. అమ్మకి పూజ లేకుండా చేశాను."

"పంతొమ్మిదేళ్ళు ఆలస్యంగా వచ్చాన్నేను" అన్నాడు రామిరో. "నువ్వు గంట గురించి ఏడుస్తావేంటే?"

పేటిక పక్కన మోకాళ్ళ మీద కూలబడి, తల్లి ముఖం చూస్తూ ఉండిపోయాడు. అయిదు దాటింది. మేస్త్రీ గట్టిపడుతున్న సిమెంటులో మళ్ళీ కొంచెం నీళ్ళు పోసుకున్నాడు.